ఆటలోంచి ఆటు

కంబాడోస్ రేవులో, చేపల వేలంశాల వెనక
రిపేరు కొట్టులో కూర్చుని
బ్రెయ్‌షో నెల్లాళ్ళుగా ఒక పడవకి పేరు పెడుతున్నాడు.

నిజం పడవ కాదు.
మడత కీలు విరిగి, టేపుతో కట్టు కట్టించుకున్న
పాత ఆటపెట్టెలోది.
ఆట మొదలవుతూనే అడుగుతుంది, నీ పడవ పేరేమిటని.
పదకొండు అక్షరాల గడి.
రాసినవాడు కొలత వేశాడు గాని
కాపలా పెట్టడం మరిచాడు.

పెట్టె మటుకు పట్టింపుల మనిషి.
కంపెనీ సంతకం లేని ప్రోగ్రామును
గడప తొక్కనివ్వదు.
సంతకం ఉన్న ఆట భుజమ్మీద చెయ్యేసి
దానితోపాటు లోపలికి పోవాలి, పెళ్ళివారి గుంపులో
పిలవని చుట్టంలాగా.

సేవ్ చేసిన ఫైలును కంప్యూటర్లో విప్పుతాడు,
పడవ పేరును పొడిగిస్తాడు, తిరిగి పెట్టెలో పెడతాడు.
నల్ల తెర.
మళ్ళీ. నల్ల తెర.
ముప్పైమూడోసారి తెర ఆకుపచ్చగా వణికి చచ్చింది,
అదే పండగనిపించి సబేలాకి ఫోన్ చేశాడు.
"కొన్న పెట్టెకే కన్నం వేస్తున్నావా?" అందామె నిద్రలో.
"ఇల్లు నాదే. తాళంచెవి వాళ్ళ దగ్గరుండిపోయింది, అంతే."

చివరికి విసుగుపుట్టి
తల్లి పేరు మొత్తం కొట్టాడు:
ఎర్మిందా దొరొతేయా ఔతెయ్‌రాల్ పదీన్.
ఏ దరఖాస్తు గడిలోనూ ఎన్నడూ పట్టని పేరు.
గుల్లలేరే లైసెన్సు మీద సగంలో తెగి
'ఔతె' దగ్గర ఆగిపోయిన పేరు.
దాని తోక వెంట తన నాలుగు ఆజ్ఞలూ కట్టాడు.

అక్షరాలు గడి నిండి, అంచు దాటి,
పక్క గదిలోకి పొర్లాయి.
అది పెట్టె తన ఆజ్ఞలు దాచుకునే గది.
పొర్లినదాన్ని పెట్టె తన మాటే అనుకుంది.
తెల్లటి తెర మీద, మూలగా, చిన్నగా
వాడు రాసిన మొదటి మాట:
ఇక్కడున్నాను.

బ్రెయ్‌షో కాసేపు దేన్నీ ముట్టుకోలేదు.

మన భాషలో ఆటకి కొమ్మిస్తే ఆటు.
వాళ్ళ భాషలో ఆ చుట్టరికం లేదు.
అయినా వాడు చేసింది అదే:
పై తెరలో సముద్రం ఎప్పుడు వెనక్కి పోతుందో,
కింది తెరలో ఇసుకతిన్నె ఎంతసేపు బయటపడుతుందో,
ఈరోజు ఎన్ని కిలోలు ఏరనిస్తారో.
వలల్లేవు, బాణాల్లేవు, గెలుపు లేదు.
బటన్లు పెద్దవి, రబ్బరు తొడుగుల వేళ్ళకి.

ఎర్మిందా దాన్ని పాలిథిన్ సంచిలో ముడేసి
మెళ్ళో వేలాడదీసుకుంది.
మార్చి నెలాఖరు ఆదివారం
దేశమంతా గడియారాన్ని ఒక గంట ముందుకి తోసింది.
పెట్టెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
పెట్టె గంట మాటే గంట అని నమ్మి
సోమవారం తెల్లారి
పధ్నాలుగు మంది ఆడవాళ్ళు, గొర్రులూ బకెట్లూ పట్టుకుని వచ్చేసరికి
ఆటు దాటి గంటైంది.
మోకాళ్ళ దాకా పోటు.
"నీ కొడుకు సముద్రాన్ని కూడా రిపేరు చేశాడే!"
అని రమోనా అరిస్తే
గుల్లలు దొరకని ఆ నీళ్ళలో నిలబడి
పొట్టలు పట్టుకుని నవ్వారు.
ఎర్మిందా నవ్వలేదు. ఆ పూట కూలి పోయింది మరి.
ఇంటికొచ్చి పెట్టెను బల్లమీద పెట్టి
"గంట సరిచెయ్యి" అని మాత్రం అంది.

సరిచేశాడు. ఇంకో మూడు పెట్టెలకి కూడా ఎక్కించాడు,
రమోనాది గులాబీ రంగు, మనవరాలి స్టిక్కర్లతో.

ఎక్కడో వైఫై తగిలితే చాలు పెట్టె అడుగుతుంది
కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసుకుంటావా అని.
అది వేస్తే సందు మూసుకుపోతుంది,
పడవకి మళ్ళీ పదకొండు అక్షరాలే.
ప్రతి వేకువా, బురద వాసన వేసే బొటనవేలితో
ఎర్మిందా 'తర్వాత' నొక్కుతుంది.
ఆ మాటకి అర్థం ఆమెకి బాగా తెలుసు,
పంచాయితీ ఆఫీసులో ఆమెకి చెప్పేది రోజూ అదే.